640 బాక్సులు, ఒకే ఫోను: ‘ఇంటరాక్టివ్’ ప్యాకేజీ తీసుకోవాలా, వద్దా?

పానగల్ రోడ్ కేబుల్ • శుక్రవారం రాత్రి 10:50

అందరికీ నమస్తే. నల్లగొండ పక్కన మాది చిన్న నెట్‌వర్క్. టౌన్ చివర రెండు వార్డులు, వాటిని ఆనుకుని నాలుగు ఊర్లు. మా నాన్న 1990ల్లో మేడ మీద పెద్ద డిష్ పెట్టి, రాత్రి వీసీఆర్‌లో సినిమా వేసి మొదలుపెట్టిన పని ఇది. ఒకప్పుడు 1,100 కనెక్షన్లు. ఇప్పుడు నెలనెలా రీచార్జ్ అయ్యేవి 640 బాక్సులు. సంక్రాంతికి ఊరికొచ్చిన పిల్లలు పోతూ పోతూ ఇంకో పన్నెండు ఇళ్లలో ‘కేబుల్ ఎందుకు నాన్నా, ఫోన్లో అన్నీ వస్తయి’ అని తీయించి పోయిండ్రు.

మొన్న ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ‘ఇంటరాక్టివ్ వ్యూయర్ సర్వీసులు’ పెడితే పోయినోళ్లు తిరిగి వస్తారన్నాడు. క్విజ్, ఓటింగ్, ఆటలు, అడిగిన సినిమా, అడిగిన పాట, అన్నీ రిమోట్‌తోనే అంట. ముందు 40 వేలు కట్టాలి, ఆపైన బాక్సుకు నెలకు 6 రూపాయలు. వీడియో చూపించాడు, బాగానే ఉంది.

నా దగ్గర ఇద్దరు పోరగాళ్లు ఉన్నారు, ఫైబర్ తీగలు అతికించే స్ప్లైసింగ్ మెషిన్ ఒకటి ఉంది. కంప్లైంట్ ఫోను మా అమ్మ దగ్గర ఉంటుంది. ఆమె పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుని మాకు చెబుతుంది. ఇప్పటివరకు మా దగ్గర చూసేవాళ్లకూ మాకూ మధ్య ఉన్న ‘ఇంటరాక్షన్’ అదొక్కటే. పోయిన ఆదివారం రాత్రి టీవీ మధ్యలో ఫింగర్‌ప్రింట్ (దొంగ రికార్డింగ్ పట్టుకోవడానికి తెర మీద వేసే బాక్సు నంబరు) పడింది. పది సెకన్లే. అమ్మకు 14 ఫోన్లు వచ్చాయి. ఒక పెద్దాయన అది ఓటీపీ అనుకున్నాడట. ‘ఎవరికీ చూపొద్దంటరు గదా’ అని టీవీ మీద టవల్ కప్పి మరీ ఫోన్ చేశాడు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. తీసుకోవాలా?

---

పాలమూరు నోడ్ • శుక్రవారం రాత్రి 11:25

తమ్ముడూ, సంతకం పెట్టకముందు ఒక్కటి చెప్పు. నీ బాక్సు వెనకాల ఏమేం పోర్టులున్నయి? ఆర్‌ఎఫ్ ఇన్, ఏవీ అవుట్, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ. లాన్ పోర్టు ఉందా? వైఫై ఉందా?

---

పానగల్ రోడ్ కేబుల్ • శుక్రవారం రాత్రి 11:31

లేవన్నా. 2017లో అనలాగ్ బంద్ చేసినప్పుడు ఇచ్చిన బాక్సులే సగం పైన. ఎంపెగ్-4 ఎస్‌డీ. రిమోట్ మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం బటన్లు మాత్రం ఉన్నయి.

---

పాలమూరు నోడ్ • శనివారం ఉదయం 6:40

రాత్రే రాద్దామనుకున్న, భూత్పూర్ వైపు లారీ తగిలి లైన్ తెగింది. ఇప్పుడే ఇంటికొచ్చిన.

ఆ రంగుల బటన్లు చూసి మోసపోకు. మన డీవీబీ-సీ (కేబుల్ డిజిటల్ పద్ధతి) బాక్సు చెవి ఉండి నోరు లేని మనిషి లాంటిది. హెడ్‌ఎండ్ (చానళ్లు పంపే కంట్రోల్ రూమ్) చెప్పింది వింటది, తిరిగి ఒక్క మాట చెప్పలేదు. 8 మెగాహెర్ట్జ్ క్యారియర్ (కొన్ని చానళ్లను కలిపి మోసే ఫ్రీక్వెన్సీ) ఒక్కొక్కటి 64-క్వామ్‌లో (బొమ్మను సిగ్నల్ మీద ఎక్కించే పద్ధతి) పంపితే దాదాపు 38 ఎంబీపీఎస్, 256-క్వామ్‌లో అయితే 51 దాకా పడుతది. అదంతా పైనుంచి కిందికే. నీ యాంప్లిఫయర్లు కూడా ఒక దిక్కే పెంచుతయి. వాటిలో సిగ్నల్ వెనక్కి పంపే రిటర్న్ మాడ్యూల్ పెట్టే జాగా ఉన్నా మన దగ్గర ఎవడూ పెట్టలే.

మరి వాడు చూపించిన ఆటలు, క్విజ్ ఎట్ల పని చేస్తయంటే: వాళ్లు కొన్ని పేజీలను ఒక క్యారియర్‌లో గుండ్రంగా తిప్పుతూ ఉంటరు. గిరకల బావిలో బొక్కెనల్లాగ. వినియోగదారుడు ఎర్ర బటన్ నొక్కితే బాక్సు తనకు కావలసిన బొక్కెన వచ్చేదాకా ఆగి పట్టుకుంటది. అందుకే ‘లోడింగ్’ అని ఇరవై సెకన్లు తిరుగుతది. ఆట ఆడొచ్చు, రాశిఫలం చదవొచ్చు. కానీ ఓటు వేస్తే అది బాక్సులోనే ఉంటది, నీకు రాదు. ‘అడిగిన సినిమా’ అంటే ఒకే సినిమాను అరగంటకోసారి నాలుగు చానళ్లలో మొదలుపెట్టడం. దాన్ని వీడియో ఆన్ డిమాండ్ అనడం అంటే బస్టాండుల నిలబడి సొంత కారు ఉందనడమే.

ఏజెంటును ఒకే ప్రశ్న అడుగు: ‘మా బాక్సు నుంచి ఓటు మీ సర్వర్‌కు ఏ తీగ మీద పోతది?’

---

కొలంబస్ మిర్యాలగూడ • శనివారం ఉదయం 8:15

నేను కేబుల్ మనిషిని కాను. సాఫ్ట్‌వేర్. కానీ ఈ టాపిక్ చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే నేను ఉండే ఊర్లోనే దీని పుట్టుక.

ఓహైయో రాష్ట్రం కొలంబస్‌లో 1977 డిసెంబర్ 1న వార్నర్ కంపెనీ క్యూబ్ అనే కేబుల్ సర్వీసు మొదలుపెట్టింది. 30 చానళ్లు, ఇంటింటికీ కాలిక్యులేటర్ కన్నా కొంచెం పెద్ద డబ్బా, దాని పక్కన జవాబులు చెప్పడానికి ఐదు బటన్లు. ప్రోగ్రాం నడుస్తుండగా ప్రశ్న అడిగేవాళ్లు, జనం బటన్ నొక్కేవాళ్లు, కాసేపట్లో శాతాలు తెర మీద పడేవి. అది నిజంగా రెండు దిక్కులా మాట్లాడే కేబుల్. పాలమూరు నోడ్ గారు చెప్పిన రిటర్న్ దారి వాళ్లకు అప్పుడే ఉంది. అయినా 1984 కల్లా మూతపడింది. తీగ రెండు దిక్కులా నడపడానికి అయిన ఖర్చు, జనం నొక్కిన బటన్ల మీద రాలేదు. మొదట్లో మోజు, తర్వాత నొక్కడం తగ్గిపోయింది.

అక్కడ పుట్టిన పిల్లల చానల్, మ్యూజిక్ చానల్ ఆలోచనలు మాత్రం పెద్ద వ్యాపారాలయ్యాయి. బటన్ పోయింది, కార్యక్రమం మిగిలింది.

---

మెట్టుగడ్డ వీక్షకురాలు • శనివారం ఉదయం 9:02

నేను ఆపరేటర్‌ని కాదు, నెలకు 280 కట్టే మనిషిని. మహబూబ్‌నగర్. మీరందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. మాకు క్విజ్ ఎవరడిగారు?

మా ఇంట్లో రెండు బాక్సులు. మా అత్తమ్మ గదిలోది పోయిన నెల మూడు రోజులు పనిచేయలేదు. మా కేబుల్ అతనికి 19 సార్లు చేశాను. ఎత్తడు. నాలుగో రోజు పిల్లవాడు వచ్చి వెనకాల పిన్ను తిప్పి వెళ్లిపోయాడు, అర నిమిషం పని. ఆ అర నిమిషం పని ఫోన్లో చెప్పినా నేనే తిప్పుకునేదాన్ని. మా అత్తమ్మకు టీవీ అంటే పొద్దున భక్తి, సాయంత్రం మూడు సీరియళ్లు. చానల్ నంబర్లు మారిస్తే ఆమెకు ఇల్లు మారినట్టే. ఎవరైనా ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో నంబర్లు రాసిస్తే అదే మాకు ఇంటరాక్టివ్.

పానగల్ రోడ్ తమ్ముడూ, మీ అమ్మగారు ఫోన్ ఎత్తుతారా? అయితే మీ నెట్‌వర్క్ మాకంటే చాలా మేలు.

---

హాలియా కొత్తోడు • శనివారం ఉదయం 9:40

ఇంత చర్చ ఎందుకన్నా. లోకల్ చానల్‌లో కొత్త సినిమా వెయ్యి. శుక్రవారం రిలీజ్, ఆదివారం నీ చానల్‌లో. పోయిన బాక్సులన్నీ వాపస్.

---

నిర్వాహకుడు • శనివారం ఉదయం 9:58

పై సలహాను ఎవరూ పాటించవద్దు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక, అనుమతి లేని కాపీని ప్రదర్శించినవాళ్లకు 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. పైకి అది నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. ఇలాంటి పోస్టు మళ్లీ కనిపిస్తే తీసేస్తాం.

---

హాలియా కొత్తోడు • శనివారం ఉదయం 10:03

సారీ సార్. మా దగ్గర అందరూ వేస్తున్నరని అన్న.

---

నకిరేకల్ లోకల్ • శనివారం మధ్యాహ్నం 2:20

నేను లోకల్ చానల్ నడుపుతాను. తొమ్మిదేళ్లు. యాంకర్ నేనే, ఎడిటింగ్ నేనే, సాయంత్రం దీపం పెట్టేదీ నేనే.

తమ్ముడూ, బాక్సుకు నోరు లేకపోతే ఏమైంది, ఇంట్లో ప్రతి ఒక్కరి చేతిలో నోరున్న వస్తువు ఇంకోటి ఉంది కదా. మేం అదే వాడతాం. సాయంత్రం 6 నుంచి 8 దాకా పాటల ప్రోగ్రాం. తెర కింద వాట్సాప్ నంబర్ వేస్తాం. పేరు, ఊరు, ఎవరి కోసమో రాసి పంపుతారు. ఒక అవ్వ వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఆమెకు పాట ఏదైనా ఫర్వాలేదు. బహ్రెయిన్‌లో ఉన్న మనవడి పేరు నేను టీవీలో పలకాలి, అంతే. ఒకసారి పేరు తప్పు చదివితే మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

సద్దుల బతుకమ్మ రోజు ఏ వాడ బతుకమ్మ ఆ వాడవాళ్లు ఫోటో తీసి పంపుతారు. తొమ్మిది నిమిషాలకోసారి తిప్పి వేస్తాం. ఆ రాత్రి రీచార్జ్ అయిపోయిన ఇళ్లవాళ్లు కూడా వాళ్లే వచ్చి డబ్బు కట్టి వెళ్తారు.

కానీ రూల్స్ తెలుసుకుని చేయండి. లోకల్ చానల్‌ను ఇప్పుడు ప్లాట్‌ఫాం సర్వీస్ అంటున్నారు. 2022 నవంబర్ 30న కేంద్ర సమాచార శాఖ ఎంఎస్‌వోల (మనకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీల) కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. చానల్‌కు 1,000 రూపాయలు కట్టి ఒక్కసారి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయాలి, అది మీ ఎంఎస్‌వో పేరు మీదే జరగాలి. మొత్తం చానళ్ల సామర్థ్యంలో 5 శాతం మించకూడదు, దానికి తోడు జిల్లాకు రెండు చానళ్ల వెసులుబాటు ఉంది. తెర మీద ‘ప్లాట్‌ఫాం సర్వీసెస్’ అని కనపడాలి. వేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగ్ 90 రోజులు దాచాలి. నేను మొదట్లో దాచలేదు. ఒకరోజు ఒక ప్రకటన మీద గొడవైంది, మేమేం వేశామో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ సాయంత్రమే రెండు హార్డ్ డిస్కులు కొన్నాను.

స్థానిక వార్తలు వేయాలంటే కంపెనీగా నమోదై ఉండాలి. పాటలకు హక్కులున్న కంపెనీతో మాట్లాడుకోవాలి, ‘యూట్యూబ్‌లో ఉంది కదా’ అంటే కుదరదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలప్పుడు ఏ పార్టీ ప్రకటన తెచ్చినా ముందు ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలను ముందే చూసే కమిటీ) సర్టిఫికెట్ అడగండి. బంధువైనా సరే. ముఖ్యంగా బంధువైతే.

---

వనపర్తి ఫైబర్ • శనివారం సాయంత్రం 5:10

అందరూ మందు చెప్పిండ్రు, రోగం ఎవరూ చెప్పలే. కోయాక్సియల్ (పాత రాగి కేబుల్) కాలం అయిపోయింది. నాలుగేళ్ల కింద నేను మొత్తం పీకేసి ఇంటింటికీ ఫైబర్ వేసిన. ఒకే తీగలో 1550 నానోమీటర్ల మీద టీవీ, 1490 మీద ఇంటర్నెట్ కిందికి, 1310 మీద ఇంటి నుంచి పైకి. రిటర్న్ దారి కావాలన్నారు కదా, అదిగో. ఏ ఇల్లు ఆన్‌లో ఉంది, ఏ ఇంటికి ఎంత లైట్ పోతుంది, నా ఫోన్లోనే కనపడతది. కస్టమర్ చెప్పకముందే మనోడు ఆ ఇంటి ముందుంటడు. అది అసలైన ఇంటరాక్టివ్.

ఆపైన టీ-ఫైబర్ కూడా వస్తుంది. మిషన్ భగీరథ పైపులతో పాటు వేసిన ఫైబర్. 2024 డిసెంబర్‌లో పైలట్‌గా మొదలుపెట్టిన ఊర్లలో మన నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది. ఊరికి సర్కారు తీగ వచ్చేలోపు నీ తీగ ఇంట్లో ఉండాలె. లేకపోతే నీకు పని ఉండదు.

---

పాలమూరు నోడ్ • శనివారం రాత్రి 9:15

వనపర్తి తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. కానీ లెక్క సగమే చెప్పిండు. ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా పంచే 1:8 స్ప్లిటర్ పెడితే లైట్ బలం సుమారు 10 డీబీ పైనే పోతది, స్ప్లిట్ రెట్టింపు చేసినప్పుడల్లా ఇంకో 3 పైన. ఇంటర్నెట్‌కు మైనస్ 24 దగ్గర కూడా లైట్ పచ్చగానే ఉంటది. టీవీ సైడ్ మైనస్ 10 దాటిందంటే నాకు నమ్మకం ఉండదు. అప్పుడు బొమ్మ గడులు గడులుగా పడుతది, వైఫై మాత్రం మంచిగుంటది. కస్టమర్ ఏమంటడు? ‘నెట్ మంచిగొస్తుంది, కేబులే మంచిగ లేదు, కేబుల్ తీసెయ్’ అంటడు. నీ తీగతోనే నీ కనెక్షన్ పోతది. అందుకని ఈడీఎఫ్‌ఏకు (ఫైబర్‌లో లైట్ పెంచే మెషిన్) పైసలు పెట్టకుండ ఫైబర్‌కు దిగొద్దు.

ఇంకొకటి, స్తంభాలు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్‌తో ఐదుగురు పోయినంక, కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు ఎట్ల కోసిండ్రో చూసినం. వాళ్లను తప్పు పట్టలేం, మనం కూడా గూళ్లు కట్టినట్టు చుట్టలు వేలాడదీసినం. ఇప్పుడు కొత్తగా లాగే ప్రతి మీటరు పద్ధతిగా ఎత్తులో లాగాలె, చచ్చిన తీగలు దింపాలె. 640 ఇళ్లకు ఇద్దరు పోరగాళ్లతోటి ఒక్క ఎండాకాలంలో అయ్యే పని కాదు. వార్డు తర్వాత వార్డు చెయ్యి.

ముందు నీ నోడ్లకు (ఫైబర్ సిగ్నల్‌ను ఇళ్ల కేబుల్‌లోకి మార్చే స్తంభం మీది డబ్బాలు) కరెంటు ఎక్కణ్నుంచో చెప్పు.

---

పానగల్ రోడ్ కేబుల్ • శనివారం రాత్రి 9:40

అందరికీ తెలిసిందే కదన్నా. నోడ్ ఉన్న స్తంభం పక్కింట్లోంచి. ఆ ఇంటికి కేబుల్ ఫ్రీ. ఆ ఇంటోళ్లు ఊరికి పోయి మెయిన్ ఆఫ్ చేస్తే 90 ఇళ్లు బంద్. దసరాకు అట్లనే అయింది, తాళం చెవి కోసం మా వాడు చిట్యాల దాకా పోయిండు.

---

జడ్చర్ల కలెక్షన్ • ఆదివారం ఉదయం 11:30

నేను లెక్కల మనిషిని, నాలుగు నెట్‌వర్కులకు కలెక్షన్ చూస్తా. ఆ 6 రూపాయల సంగతి తేల్చుకుందాం.

పాత లెక్కలో బేసిక్ (నెల కనీస కనెక్షన్ చార్జీ) 130, జీఎస్టీ 18 శాతం కలిపితే 153.40. 2024 జులైలో ట్రాయ్ (టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ) ఆ 130 పరిమితి తీసేసింది, కానీ మన దిక్కు చాలామంది ఒప్పందాలు దాని మీదే నడుస్తున్నాయి. అందులో ఆపరేటర్ వాటా 45 శాతం అంటే 58.50. ఏజెంటు అడిగిన 6 దాంట్లో పదో వంతు. 640 బాక్సులకు నెలకు 3,840, ఏడాదికి 46,080. ముందు కట్టే 40 వేలు వేరే. ఆ ఏడాది నువ్వు 86 వేల పైన పెట్టినట్టు. దాంతో ఎన్ని బాక్సులు వాపస్ వస్తాయో ఏజెంటును కాగితం మీద రాసిమ్మను. రాయడు.

నీ చేతిలో పైసా ఖర్చు లేని ఆయుధం ఒకటి ఉంది, నువ్వు వాడటం లేదు. మీ ఎంఎస్‌వో ఇచ్చిన పోర్టల్‌లో మెసేజ్ అని ఒక ఆప్షన్ ఉంటది. ఒక్క వీసీ నంబరుకైనా (ఒక్కో బాక్సుకు ఉండే కార్డు నంబరు), మొత్తం బాక్సులకైనా తెర మీద రాత పంపొచ్చు. ప్యాక్ అయిపోవడానికి మూడు రోజుల ముందు ‘మీ రీచార్జ్ గురువారంతో అయిపోతుంది’ అని ఆ ఇంటికి మాత్రమే పంపు. బొమ్మ పోయినంక ఫోన్ చేసేవాడు తిడుతూ చేస్తడు, పోకముందు చేసేవాడు అడుగుతూ చేస్తడు. రెండూ ఒకటి కాదు. కాకపోతే సీరియల్ టైంలో పంపకు. నేను ఒకసారి రాత్రి ఎనిమిదిన్నరకు పంపిన, క్లైమాక్స్ మీద పడ్డది. ఆ తిట్లు ఇప్పటికీ గుర్తున్నయి.

రిజిస్ట్రేషన్ కూడా చూసుకో. ఇదివరకు ఏటా హెడ్ పోస్టాఫీసుకు పోయి 500 కట్టేవాళ్లం. 2025 జనవరి నుంచి బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్, 5,000 కడితే ఐదేళ్లు. పాత రసీదు గోడకు తగిలించి కూర్చున్నోళ్లు చాలామంది ఉన్నరు.

---

పానగల్ రోడ్ కేబుల్ • ఆదివారం మధ్యాహ్నం 1:05

అందరికీ దండాలు. ఏజెంటుకు ఫోన్ చేసి ‘ఓటు ఏ తీగ మీద పోతది’ అని అడిగిన. ‘టెక్నికల్ టీం చెప్తారు సార్’ అన్నాడు. టెక్నికల్ టీం ‘కస్టమర్ ఫోన్లో మా యాప్ ఉంటే చాలు సార్’ అన్నారు. అంటే ఫోన్ కస్టమర్‌దే, ఇంటర్నెట్ కూడా కస్టమర్‌దే. మధ్యల 6 రూపాయలు వాళ్లవి.

ఆపేసిన. మూడు వారాల్లో ఏమైందో వచ్చి చెప్తా. రథసప్తమికి చెర్వుగట్టు జాతర కూడా ఉంది.

---

పానగల్ రోడ్ కేబుల్ • మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 11:10

చెప్తానన్నా కదా, చెప్తున్నా.

ముందు అమ్మ నోట్‌బుక్ తీసి మూడు వారాల ఫోన్లు లెక్కపెట్టినం. 212. బొమ్మ రావడం లేదని 90. రీచార్జ్ అయిందా, ఎంత కట్టాలె అని 61. ఫలానా చానల్ ఏ నంబర్ల వస్తదని 34. మిగిలిన 27 రకరకాలు. రిమోట్ పోయిందని, పిల్లోడు రిమోట్ నీళ్ల బకెట్ల వేసిండని, ఒకటి మాత్రం ‘మీ అమ్మగారు బాగున్నారా, రెండ్రోజుల నుంచి ఎవరో అబ్బాయి ఎత్తుతున్నాడు’ అని.

ఆ 61కి జడ్చర్ల అన్న చెప్పిన మెసేజ్ పెట్టినం, పొద్దున పది గంటలకు. మెట్టుగడ్డ అక్క చెప్పినట్టు చానల్ నంబర్లు పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద ప్రింట్ చేసి, రీచార్జ్‌కు పోయినప్పుడు టీవీ పక్కన గోడకు అంటించి వచ్చినం. లోకల్ చానల్‌లో కూడా అరగంటకోసారి అదే. పాటలకు ఓటింగ్ కూడా పెట్టినం: రెండు పాటలు, రెండు నంబర్లు, ఏ పాట కావాలంటే ఆ నంబర్‌కు మిస్డ్ కాల్. మొదటి సాయంత్రం 37 వచ్చినయి. అందులో 11 ఒకే నంబర్ నుంచి. అమ్మ కూర్చుని ఒక నంబర్‌కు ఒకటే టిక్కు పెట్టింది. ఎన్నికల అధికారి లెక్క.

ఇగ గట్టు సంగతి. జాతర లైవ్ పెట్టాలంటే నకిరేకల్ అక్కను అడిగిన. ప్లాట్‌ఫాం సర్వీసు కార్యక్రమాలు ఇంకో నెట్‌వర్క్‌తో పంచుకోవద్దు గానీ గుళ్ల నుంచి వచ్చే లైవ్‌కు మాత్రం అభ్యంతరం లేదని రూల్‌లోనే ఉందంట. అట్ల నార్కట్‌పల్లి వైపు ఆపరేటర్, నేను కలిసి ఒకే కెమెరాతో చేసినం. దేవస్థానం వాళ్ల పర్మిషన్, పోలీసుల పర్మిషన్ రెండూ తీసుకున్నం. అక్కణ్నుంచి 4జీ మీద మా ఆఫీసుకు, ఆఫీసు నుంచి నల్లగొండ డిజిటల్ కంట్రోల్ రూమ్‌కు.

అగ్నిగుండాలు తెల్లవారుజామున. చలి. నేను ఆఫీసులో, మా వాడు గట్టు మీద కెమెరా దగ్గర, అమ్మ పక్కనే దుప్పటి కప్పుకుని ఫోన్ పట్టుకుని ఉంది. నాలుగున్నరకు మొదటి కాల్. ‘నిప్పుల మీద నడిచే లైన్ల మా అత్త ఉంది, పసుపు చీర, కెమెరా కొంచెం ఎడమకు తిప్పమను బిడ్డా.’ నేను మా వాడికి ఫోన్ చేసిన, వాడు తిప్పిండు. పసుపు చీరలు కనీసం నలభై ఉన్నయి. అమ్మ ఆమెను లైన్లోనే పెట్టింది. ‘ఇప్పుడు కనపడుతుందా?’ ‘లేదు.’ ‘ఇప్పుడు?’ ‘లేదమ్మా, ఇంకా పాత దిక్కే ఉంది.’ అప్పుడు అర్థమైంది, గట్టు మీద తిప్పిన పన్నెండు సెకన్లకు గాని ఇంట్ల టీవీలో తిరగడం లేదు. మేం ఇంకా ఎడమకు, ఇంకా ఎడమకు అని అరిచి కెమెరాను కొబ్బరికాయల దుకాణం దాకా తీసుకపోయినం. 12 సెకన్ల తర్వాత ఊరంతా కొబ్బరికాయల దుకాణం చూసింది.

అత్త మాత్రం దొరికింది. వెనక్కి తిప్పుతుంటే మధ్యల దాటింది. ఫోన్ల అరుపు విని నా చెవి పగిలింది. తర్వాత గంటలో 23 కాల్స్, అన్నీ అట్లాంటివే.

పాలమూరు అన్నా, ఆ పన్నెండు సెకన్లు ఎట్ల తగ్గించాలె?

---

పాలమూరు నోడ్ • ఆదివారం ఉదయం 7:20

స్ట్రీమింగ్ యాప్ మీద పంపినవు కదా, అది కనపడని సర్వర్‌కు పోయి వస్తది. అది వద్దు. కెమెరా దగ్గర చిన్న ఎన్‌కోడర్ పెట్టి ఎస్‌ఆర్‌టీ (ఇంటర్నెట్ మీద వీడియో నేరుగా పంపే పద్ధతి) మీద నేరుగా మీ ఆఫీసుకు పంపు, బఫర్ 2 సెకన్లు పెట్టు. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ) సెకనుకొకటి. రెండు కంపెనీల సిమ్ములు ఉంచుకో, జాతరలో ఒకటి తప్పకుండ సచ్చిపోతది. హెడ్‌ఎండ్‌లో మక్స్ (చానళ్లను కలిపే మెషిన్), క్వామ్ కలిసి తినే రెండు సెకన్లు మాత్రం నీ చేతుల ఉండవు. మొత్తం 5కు వస్తది. అంతకన్నా తగ్గదు. కెమెరామన్‌కు ‘తిప్పు’ అని చెప్పినంక ఐదు లెక్కపెట్టి అప్పుడు రెండో మాట చెప్పు.

ఆ 40 వేలు ఏం చేసినవ్?

---

మెట్టుగడ్డ వీక్షకురాలు • ఆదివారం ఉదయం 8:00

కాగితం అంటించారా! మా కేబుల్ అతనికి ఈ లింక్ పంపాను. చూశాడు, రెండు టిక్కులు నీలం అయ్యాయి. జవాబు లేదు.

---

పానగల్ రోడ్ కేబుల్ • ఆదివారం ఉదయం 9:30

అక్కా, ఆ పీడీఎఫ్ మీకు పంపుతా, మీ దగ్గరి నంబర్లు మార్చి వాడుకోండి. మీ అత్తమ్మ కోసం అక్షరాలు ఇంకా పెద్దవి చేయించా.

అన్నా, 40 వేలల్ల 22 వేలు పెట్టి మూడు నోడ్ల దగ్గర యూపీఎస్‌లు, బ్యాటరీలు పెట్టించిన. ఆ దసరా ఇంటోళ్లు ఇప్పుడు తాళం వేసుకుని పోయినా నాలుగు గంటలు నడుస్తది. మిగిలింది మొదటి వార్డులో ఫైబర్‌కు. పాత తీగలు దింపడం నిన్న మొదలుపెట్టినం, ట్రాక్టర్ ట్రాలీ సగం నిండింది. నెలలో తొమ్మిది బాక్సులు వాపస్ వచ్చినయి, ఆరు పోయినయి.

---

పాలమూరు నోడ్ • ఆదివారం ఉదయం 9:44

మంచిది. బ్యాటరీ మీద మార్కర్‌తో ఈరోజు తేదీ రాయి. రెండేళ్ల తర్వాత దాన్ని ఎప్పుడు పెట్టినవో నీకూ గుర్తుండదు, మీ అమ్మ నోట్‌బుక్‌లోనూ ఉండదు.